శిలాఫలకం వేశాక

మన దేశంలో విమానాశ్రయాల ప్రస్తావన వస్తే ముందు వినబడేది సంఖ్యే. 2014లో 74 ఉండేవి, పదేళ్లలో 157 అయ్యాయి. ఆ తర్వాత టెర్మినల్ ఎన్ని వేల చదరపు మీటర్లు, గంటకు ఎంతమంది ప్రయాణికులు, ఖర్చు ఎన్ని వందల కోట్లు. ఈ లెక్కల అడుగున ఒక నమ్మకం బలంగా వేళ్లూనుకుంది. విమానాశ్రయం విషయంలో కట్టడమే అసలు పని, కట్టాక దాన్ని చూసుకోవడం కిందిస్థాయి వ్యవహారం, ఏదైనా పాడైతే అప్పుడు బాగుచేయించుకోవచ్చు. పాలకులూ అధికారులూ ఇలాగే అనుకుంటున్నారు. పత్రికలు ఇలాగే రాస్తున్నాయి. పౌరులుగా మనమూ అంతే. మా ఊరికి విమానాశ్రయం ఎప్పుడొస్తుందని అడుగుతాం. ఉన్న విమానాశ్రయంలో రన్‌వే ఎలా ఉందని ఒక్కరమూ అడగం.

ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. విమానాశ్రయానికి నిర్వహణ పక్కపని కాదు. ప్రయాణికుడు టికెట్‌తో కొనుక్కునేదే అది. తడి రన్‌వే మీద చక్రం పట్టు దొరకడం, పొగమంచులో దీపం వెలగడం, నెత్తిమీద కప్పు నిలబడటం. ఇవి లేని చోట ఎంత అద్దాల మేడ ఉన్నా అక్కడ విమానాశ్రయం లేదు.

2024 జూన్ చివరిలో వరసగా మూడు రోజులు జరిగినవి గుర్తుచేసుకుందాం. 27న జబల్‌పూర్ డుమ్నా విమానాశ్రయంలో టెర్మినల్ ముందున్న గుడ్డ పందిరి వాననీటి బరువుకు చిరిగి, కింద ఆగివున్న కారు నుజ్జయింది. 28 తెల్లవారుజామున ఢిల్లీ ఒకటో టెర్మినల్ బయటి కప్పు, దాన్ని మోసే ఇనుప దూలాలతో సహా కార్ల మీద కూలింది. ఒక క్యాబ్ డ్రైవర్ చనిపోయాడు. 29న రాజ్‌కోట్ హిరాసర్ విమానాశ్రయంలో ప్రయాణికులను దించే చోట మరో పందిరి పడిపోయింది. జబల్‌పూర్ కొత్త టెర్మినల్‌ను ప్రారంభించింది ఆ ఏడాది మార్చి 10న. ఆజంగఢ్ సభ నుంచి ఒకే రోజున ప్రధాని పదిహేను విమానాశ్రయ ప్రాజెక్టులకు ప్రారంభోత్సవాలు, శంకుస్థాపనలు చేశారు. మన కడప కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన జరిగింది కూడా ఆ జాబితాలోనే.

ఢిల్లీ కప్పు కూలిన గంటల్లోనే వాదన మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరగడం మొదలైంది. ఇది ఎవరి హయాంలో కట్టింది? మార్చిలో ప్రారంభించిందేనని ప్రతిపక్షం ఆరోపించింది. కాదు, కూలింది 2009లో తెరిచిన పాత భాగమని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు జవాబిచ్చారు. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ జవాబుతో విషయం తేలిపోదు, అక్కడే మొదలవుతుంది. 2009లో తెరిచిన కప్పు 2024లో కూలిందంటే మధ్యలో పదిహేను వానాకాలాలు గడిచాయి. ఆ పదిహేనేళ్లలో దాని అతుకులనూ బోల్టులనూ, నీరు దిగే గొట్టాలనూ ఎవరు చూశారు? చూసి ఏం రాశారు? రాసింది ఎవరు చదివారు? టీవీ చర్చల్లో కూర్చున్న రెండు పక్షాలకూ ఈ ప్రశ్న అక్కర్లేకపోయింది. ఇద్దరి దృష్టిలోనూ కట్టడమనేది ప్రారంభోత్సవం రోజున పుట్టి ఆ రోజుతోనే ముగిసేది. ఆ తర్వాతి ఏళ్లకు యజమాని లేడు.

దేశంలోని విమానాశ్రయాలన్నిటిలోనూ కట్టడాలను తనిఖీ చేసి రెండు నుంచి అయిదు రోజుల్లో నివేదికలు పంపమని ఆదేశాలు వెళ్లాయి. ఆదేశం ఇవ్వడం మంచిదే. కాని ఒక పెద్ద ఇనుప కప్పును నిజంగా పరీక్షించాలంటే అతుకు అతుకూ ఎక్కి చూడాలి, తుప్పు ఎంత లోతు తిన్నదో కొలవాలి, పాత డ్రాయింగులు తీసి లెక్క కట్టాలి. అయిదు రోజుల్లో అయ్యేది పైపైన చూసి సంతకం పెట్టడమే. ఏటా జరిగే తనిఖీల పత్రాలు చేతిలో ఉన్నచోట ఈ హడావుడి అవసరమే రాదు.

ఇక రన్‌వే దగ్గరికి వద్దాం. నిర్వహణను చిల్లర పనిగా చూసేవారికి అక్కడ జరిగేది తెలియదు. విమానం నేలను తాకే క్షణాన దాని చక్రాలు తిరుగుతూ ఉండవు. గంటకు రెండు వందల యాభై కిలోమీటర్ల చుట్టుపక్కల వేగంతో వచ్చి, ఒక్కసారిగా రాపిడికి లోనై తిరగడం మొదలెడతాయి. ఆ వేడికి టైరు రబ్బరు కరిగి రన్‌వే గరుకుల్లోకి, నీరు జారిపోవడానికి అడ్డంగా కోసిన సన్నని గాడుల్లోకి దిగి గట్టిపడుతుంది. ఒక్కో విమానం వదిలేది కొంచెమే. రోజుకు వందల విమానాలు, అదే చోట, అదే దిశలో. కొన్ని నెలలకు ఆ మేర రన్‌వే నల్లగా నున్నబడుతుంది. ఎండాకాలంలో దానివల్ల ఏ ఇబ్బందీ కనిపించదు. మొదటి పెద్ద వాన పడ్డాక, నీరు జారిపోయే దారి మూసుకుపోయి చక్రానికీ నేలకూ మధ్య నీటిపొర నిలుస్తుంది. అప్పుడు బ్రేకు వేసినా విమానం ఆగదు, నీటి మీద జారుతుంది.

దీన్ని కంటితో చూసి చెప్పలేం. అందుకే ఘర్షణ కొలిచే వాహనం ఉంది. రన్‌వే మీద ఒక మిల్లీమీటరు మందాన నీరు చల్లుకుంటూ గంటకు 65 కిలోమీటర్ల వేగంతో, మళ్లీ 95 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కువగా వాడే ఒక రకం యంత్రం లెక్కలో 65 వేగానికి కొత్త రన్‌వే 0.82 చూపాలి. 0.60కి దిగితే శుభ్రం చేసే పని మొదలుపెట్టాలి. 0.50కి దిగితే వాన పడినప్పుడు రన్‌వే జారుతుందని పైలట్లకు చెప్పి తీరాలి. శుభ్రం చేయడమంటే చీపురుతో ఊడ్చడం కాదు. అత్యంత పీడనంతో నీటిని చిమ్మి, కింది తారును గాయపరచకుండా రబ్బరును మాత్రమే లేపాలి. అదీ చివరి విమానం వెళ్లాక, మొదటి విమానం వచ్చే లోపు, రాత్రి దొరికే కొద్ది గంటల్లో.

2019 జులైలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కోజికోడ్ విమానాశ్రయానికి షోకాజ్ నోటీసు ఇచ్చింది. రన్‌వే మీద పగుళ్లు, నీరు నిలవడం, రబ్బరు విపరీతంగా పేరుకోవడం అందులో ఉన్నాయి. మరుసటి ఏడు ఆగస్టు 7న, వానలో, అదే విమానాశ్రయంలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలోకి పడి 21 మంది చనిపోయారు. దర్యాప్తు ప్రధాన కారణంగా పైలట్ నిర్ణయాలనే తేల్చింది. తోకగాలిలో, రన్‌వే సగం దాటాక విమానం దిగింది. ఆ తీర్పును నేను మార్చి చెప్పడం లేదు. కానీ ఏడాది ముందు నోటీసు ఇవ్వవలసిన పరిస్థితి వచ్చిందంటే, రోజువారీగా పట్టించుకోవలసిన పని నోటీసు వచ్చేదాకా ఆగిందనే అర్థం. బల్లపరుపు కొండ మీద కట్టిన రన్‌వేకు, ఏటా ఆర్నెల్లు వానపడే నేలలో, ఆ ఆలస్యం క్షమించరానిది.

దీపాల సంగతి ఇంకా సూక్ష్మం. రన్‌వే దీపం వెలుగుతోందంటే బాగున్నట్టు కాదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కాంతి నిర్దేశించిన దానిలో సగానికంటే తగ్గితే, వెలుగుతున్నా సరే, ఆ దీపం పాడైనట్టే లెక్క. దట్టమైన పొగమంచులో విమానాలు దిగే క్యాట్-2, క్యాట్-3 రన్‌వేల మీద మధ్యరేఖ దీపాల్లో నూటికి 95 ఎప్పుడూ సరిగా ఉండాలి. పక్కపక్కన రెండు పాడవకూడదు. మామూలు క్యాట్-1కు 85. అంటే రాత్రిపూట ఒక మనిషి వాహనంలో కాంతిమాపకంతో రన్‌వే పొడవునా పోయి, గాజు మీద పట్టిన రబ్బరు మసి తుడిచి, వంగిన దీపం సరిచేసి, లెక్క రాయాలి. ఈ పనిని ఏ ప్రయాణికుడూ చూడడు. డిసెంబరు తెల్లవారుజామున ఢిల్లీలో దిగే ప్రతి ప్రయాణికుడి ప్రాణమూ ఆ మనిషి చేతిలో ఉంటుంది.

తనిఖీ ఒక్క పూట తప్పితే ఏమవుతుందో 2000 జులై 25న పారిస్ చూసింది. ఒక విమానం నుంచి రన్‌వే మీద ఊడిపడిన దాదాపు 43 సెంటీమీటర్ల లోహపు పట్టీ మీదుగా కొద్ది నిమిషాలకే కాంకార్డ్ పరుగెత్తింది. టైరు పేలి, ముక్కలు ఇంధనపు ట్యాంకును తాకి, 113 మంది చనిపోయారు. ఆ మధ్యాహ్నం జరగవలసిన రన్‌వే తనిఖీ అగ్నిమాపక సిబ్బంది కసరత్తు కారణంగా వాయిదా పడింది. పట్టీ పడింది కాంకార్డ్‌కు అయిదు నిమిషాల ముందే కాబట్టి తనిఖీ జరిగివున్నా దొరికేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఆ కసరత్తుకు మరో వేళ చూసుకోవచ్చు, తనిఖీకి మరో వేళ లేదు.

ఇప్పుడు ఎదుటివారి వాదనలు ఒక్కొక్కటిగా చూద్దాం.

"పాడైతే అప్పుడు బాగుచేద్దాం" అనేది మొదటిది. వినడానికి పొదుపుగా ఉంటుంది, నిజానికి దీనంత దుబారా లేదు. తారు రన్‌వే సమానంగా అరగదు. దాని పరిస్థితిని సున్నా నుంచి నూరు వరకు మార్కులతో కొలిచే పద్ధతి ఉంది, పీసీఐ అంటారు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ చూపే గ్రాఫులో రన్‌వే ఆయుష్షులో మొదటి ముప్పాతిక భాగంలో నాణ్యత నలభై శాతం పడిపోతుంది. ఆ తర్వాత ఆయుష్షులో పన్నెండు శాతం గడిచేసరికే ఇంకో నలభై శాతం పడిపోతుంది. గ్రాఫులో ఆ నిటారు వాలు మొదలయ్యే ముందు ఒక రూపాయితో అయ్యే పనికి, వాలు దిగాక నాలుగైదు రూపాయలు. వాలు మొదలయ్యే ముందు రన్‌వే చూపుకు బాగానే ఉంటుంది, అదే చిక్కు. బాగున్నదాని మీద డబ్బెందుకని ఖజానా అధికారి ఫైలు తిప్పి పంపుతాడు. పగుళ్లు కనబడ్డాక అదే అధికారి నాలుగింతలు మంజూరు చేస్తాడు. మధ్యలో రన్‌వే మూతబడి రద్దయిన విమానాల నష్టం ఏ పుస్తకంలోనూ రాయరు.

అమెరికా ఈ చిక్కును చట్టంతోనే విప్పింది. 1994లో చేసిన చట్టం ప్రకారం, 1995 తర్వాత రన్‌వేలకు కేంద్ర నిధులు కావాలనుకునే విమానాశ్రయం ముందుగా నిర్వహణ ప్రణాళిక నడుపుతున్నట్టు హామీ ఇవ్వాలి. కొత్తదానికి డబ్బు కావాలంటే పాతదాన్ని కాపాడుతున్నట్టు చూపించాలి. అంత సూటి నిబంధన మనకెందుకు ఉండకూడదు?

దీనికి వెంటనే వచ్చే జవాబు మనది పేద దేశమని. ముందు ఊరికో విమానాశ్రయం రానివ్వండి, నిర్వహణ సంగతి తర్వాత అంటారు. ఇది గట్టి వాదన, దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. శ్రీకాకుళం నుంచి గల్ఫ్‌కు పోయే కూలీకి, కర్నూలు నుంచి బెంగళూరు ఆసుపత్రికి పోయే రోగికి దగ్గర్లో విమానం ఉండటం విలాసం కాదు. నేను అభ్యంతరపెట్టేది కట్టడానికి కాదు, కట్టి వదిలేయడానికి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మూడేళ్ల రాయితీ గడువు పూర్తిచేసుకున్నవి 112. విమానం రాకపోయినా రన్‌వే మీద ఎండ పడుతుంది, వాన పడుతుంది, పగుళ్లలో గడ్డి మొలుస్తుంది. నడవని విమానాశ్రయానికీ నిర్వహణ ఖర్చు ఉంటుంది, దాన్ని భరించే ఆదాయం మాత్రం ఉండదు. పేద దేశమని చెప్పేవారు ముందుగా భయపడవలసింది దీనికే. పోయిన ఆస్తిని మళ్లీ కట్టుకునే స్తోమత లేనివాడే ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

పేదరికం నిర్వహణకు అడ్డమనే మాటను మన చరిత్రే ఒప్పుకోదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించాడని శాసనం చెబుతోంది. చెరువు కట్టే చోటుకు ఉండవలసిన గుణాలు, ఉండకూడని దోషాలు కూడా ఆ రాతి మీదే ఉన్నాయి. రాయలసీమలో దశబంధం మాన్యాలనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టిన లేదా బాగుచేసిన వ్యక్తికి దాని కింది భూమి ఫలంలో భాగం దక్కేది, షరతు ఏమిటంటే ఆ చెరువును మంచి స్థితిలో ఉంచుతూ ఉండాలి. కట్టినందుకు ఒకసారి సత్కరించి పంపేయడం కాదు, నిలబెట్టినంత కాలం ఫలం. ఊరూరా నీరటికాడు తూముల దగ్గర కాపలా ఉండి కట్ట తిరిగి చూసేవాడు, అతనికీ మాన్యం ఉండేది. ఇన్ని వందల ఏళ్ల కిందట, ఇంతకంటే పేద సమాజం, కరువు సీమలో, కట్టడాన్నీ కాపలానూ విడదీయలేదు. విమానాశ్రయాలకు మనం చేసిన ఒప్పందాల్లో ఆ తెలివి ఎక్కడ?

ఒప్పందాల మాట వచ్చింది కాబట్టి మరో నమ్మకం. ప్రభుత్వం చేతిలో ఉంటే పాడవుతుంది, ప్రైవేటుకు ఇస్తే బాగుపడుతుందని. 2024 జూన్‌లోని ఆ మూడు రోజులే దీనికి జవాబు. జబల్‌పూర్, రాజ్‌కోట్ ప్రభుత్వ రంగ విమానాశ్రయ ప్రాధికార సంస్థవి. ఢిల్లీ 2006 నుంచి ప్రైవేటు నిర్వహణలో ఉంది. వాన రెండు రకాల కప్పులనూ కూల్చింది. యజమాని ఎవరన్నది కాదు, ఆ యజమానికి దేనికి ఫలితం దక్కుతుందన్నది ప్రశ్న. ఢిల్లీ ఒప్పందం దక్కింది ఆదాయంలో ఎక్కువ వాటా ఇస్తామన్నవారికి, వాటా 45.99 శాతం. 2019లో అహ్మదాబాద్, లక్నో, మంగళూరు సహా ఆరు విమానాశ్రయాలు దక్కింది ఒక్కో ప్రయాణికుడికి ఎక్కువ రుసుము చెల్లిస్తామన్నవారికి. రెండుచోట్లా వేలం పాట డబ్బు మీదే. గడువు ముగిశాక ఆస్తిని ఏ స్థితిలో తిరిగి అప్పగిస్తావన్నది పాటలో తూకం వేసే రాయి కాలేదు, ఒప్పందం లోపలి పేజీల్లో షరతుగా మిగిలింది.

ఛార్జీలు నిర్ణయించే పద్ధతిలో ఇంకో లోపం ఉంది, దాని మీద జరగవలసినంత చర్చ జరగడం లేదు. పెద్ద విమానాశ్రయాల ఛార్జీలను ఏరా అనే నియంత్రణ సంస్థ అయిదేళ్లకోసారి తేలుస్తుంది. మన టికెట్‌లో యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు అని కనబడేది అలా తేలిందే. కొత్త కట్టడం మీద పెట్టిన పెట్టుబడి ఆస్తుల ఖాతాలో చేరి, ఏటా దాని మీద నిర్ణీత రాబడి వస్తుంది. నిర్వహణ మీద పెట్టిన ఖర్చు ఖర్చుగానే తిరిగి వస్తుంది, దాని మీద లాభం లేదు. పాత కప్పును పదిహేనేళ్లు జాగ్రత్తగా చూసుకుంటే కంపెనీకి ఒరిగేదేమీ లేదు. పడగొట్టి కొత్తది కడితే రాబడి. నియంత్రణలో ఉన్న సంస్థలు అవసరానికి మించి పెట్టుబడి వైపే మొగ్గుతాయని అవెర్చ్, జాన్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1962లోనే చెప్పారు. కంపెనీల్లో దుర్మార్గులు ఉన్నారని నేననడం లేదు. లెక్కే అటు నెడుతుంటే మంచివాడైనా అటే పోతాడు.

పైగా మనం ఇచ్చే మెచ్చుకోళ్లూ అలాంటివే. ప్రయాణికుల అభిప్రాయాలను బట్టి ఇచ్చే అవార్డులను మన విమానాశ్రయాలు గెలుచుకుంటాయి, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వస్తాయి. ప్రయాణికుడు చెప్పగలిగింది మరుగుదొడ్డి శుభ్రం, వరస పొడవు, సిబ్బంది మర్యాద. రన్‌వే ఘర్షణ ఎంతో, కప్పు బోల్టుకు తుప్పు ఎంతో అతను చెప్పలేడు. చూపుకు అందేదానికి బహుమతి, అందనిదానికి మౌనం ఉన్నంతకాలం డబ్బు చూపుకు అందేదాని వైపే పోతుంది.

ఇక సరికొత్త ధీమా. యంత్రాలే చెప్పేస్తాయని. ప్రతి స్తంభానికీ సెన్సర్, ప్రతి మోటారుకూ కృత్రిమ మేధ, పాడవబోయేది ముందే తెలిసిపోతుంది, మనిషి అవసరం తగ్గుతుందని సమావేశాల్లో ఊదరగొడుతున్నారు. సెన్సర్లు వద్దనను. కానీ లోపం తెలియకపోవడం వల్ల జరిగే ప్రమాదాలకంటే, తెలిసీ కదలకపోవడం వల్ల జరిగేవే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. 2025 మార్చి 20 రాత్రి లండన్ పశ్చిమాన నార్త్ హైడ్ విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుంది. మర్నాడు హీత్రో మూతబడింది. రెండు లక్షల డెబ్భై వేల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బందిపడ్డారు. జులైలో వచ్చిన దర్యాప్తు నివేదిక ఏం తేల్చింది? ఆ ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌లో తేమ చేరిందని 2018 జులైలోనే నూనె నమూనాల్లో తెలిసింది. ఆ తీవ్రతకు తగిన చర్య తీసుకోలేదు. పరీక్ష పనిచేసింది. సమాచారం వచ్చింది. దాదాపు ఏడేళ్లు కాగితంలో ఉండిపోయింది. ధనిక దేశం, ఐరోపాలోకెల్లా రద్దీ విమానాశ్రయాల్లో ఒకటి, నిధుల కొరత అనే సాకు కూడా లేదు.

మిలాన్ లినాటే మరింత చేదు కథ. 2001 అక్టోబరు 8 ఉదయం పొగమంచు. చిన్న విమానం ఒకటి దారి తప్పి, పెద్ద విమానం పరుగెత్తుతున్న రన్‌వే మీదికి వచ్చింది. 118 మంది చనిపోయారు. నేల మీది విమానాలను చూపే పాత రాడార్‌ను 1999లో తీసేశారు. కొత్తది కొన్నారు, పనిలో పెట్టలేదు. రన్‌వే మీదికి ఎవరైనా చొరబడితే హెచ్చరించే ఏర్పాటును ఏళ్ల కిందటే ఆపేశారు. టాక్సీవే మీది గుర్తులు ప్రమాణాలకు తగ్గట్టు లేవు. ఒక గుర్తు కంట్రోలర్ల పటంలోనే లేదు. పైలట్ ఆ గుర్తును చెప్పినా కంట్రోలర్‌కు అతను ఎక్కడున్నాడో తెలియలేదు. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. పెయింటు, పటం, బిగించని యంత్రం.

మన దగ్గర 2025 నవంబరు 7న ఢిల్లీలో విమాన ప్రణాళికలను కంట్రోలర్లకు చేరవేసే సందేశ వ్యవస్థ ఆగిపోయింది. కంట్రోలర్లు చేత్తో పని చేయవలసి వచ్చి ఎనిమిది వందలకు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. కంటికి కనబడని ఆస్తి కూడా పాతబడుతుంది. దానికీ ఆయుష్షు లెక్క ఉండాలి.

నిర్వహణను పనిగా గౌరవిస్తే ఎలా ఉంటుందో మన దేశంలోనే చూడొచ్చు. ముంబైలో ఏటా వానలకు ముందొకసారి, వెనకొకసారి రెండు రన్‌వేలనూ ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా మూసి పనులు చేస్తారు. నెలల ముందే నోటమ్ అనే అధికారిక నోటీసు ఇస్తారు కాబట్టి విమానయాన సంస్థలు సర్దుకుంటాయి. రోజుకు తొమ్మిది వందలకు పైగా విమానాలు తిరిగే చోటే ఇది సాధ్యమైంది. శంషాబాద్‌లో 4260 మీటర్ల ప్రధాన రన్‌వే మరమ్మతులో ఉంటే రాకపోకలు ఆగకుండా సమాంతర టాక్సీవేను రెండో రన్‌వేగా తీర్చిదిద్దారు. అది దూరదృష్టి. దీనికి వ్యతిరేకం 2023 సెప్టెంబరులో ఢిల్లీ చేసింది. క్యాట్-3 సౌకర్యమున్న రన్‌వేను పనులకోసం మూశారు, పొగమంచు ముంచుకొచ్చినా పని తెమలలేదు. 2024 జనవరిలో ప్రయాణికులు గంటల తరబడి నేల మీద కూర్చున్నారు, దాన్ని త్వరగా తెరవాలని అప్పటి మంత్రి ఆదేశించవలసి వచ్చింది. నిర్వహణలో సగం పని కాలం ఎంచుకోవడమే. గన్నవరం, రేణిగుంట, మధురపూడి, కడప వంటి ఒకే రన్‌వే ఉన్న చోట్ల ఆ ఎంపిక ఇంకా కీలకం. అక్కడ రన్‌వే మూస్తే ఆ ఊరికి విమానమే లేదు.

చివరిగా, ఆ పని చేసే మనుషులు. నిర్వహణ తక్కువ పని అనుకున్నప్పుడు దాన్ని తక్కువ ధర చెప్పినవారికి ఇస్తాం. ఏఎంసీలనే వార్షిక నిర్వహణ కాంట్రాక్టులన్నీ అలాగే పోతున్నాయి. కాంట్రాక్టు మారగానే అక్కడ ఏళ్లుగా పనిచేసి ఏ మోటారు ఎప్పుడు మొండికేస్తుందో తెలిసిన మనిషి పోతాడు, కొత్తవాడు మొదటి నుంచి నేర్చుకుంటాడు. నైపుణ్యం లేని మరమ్మతు మరమ్మతు లేకపోవడంకంటే ప్రమాదం. 1996 ఏప్రిల్ 11న జర్మనీలో డ్యూసెల్‌డోర్ఫ్ టెర్మినల్ పైన రోడ్డు అతుకుకు వెల్డింగు చేస్తుంటే నిప్పు కింది పైకప్పులోని పాలిస్టైరీన్‌కు అంటుకుంది. 17 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ జరుగుతున్నది నిర్వహణ పనే. కింద ఏముందో చూసి, నిప్పుకు కాపలా పెట్టే మనిషి లేకపోతే నిర్వహణ కూడా చంపుతుంది. ఈ పనికి శిక్షణ, స్థిరమైన ఉద్యోగం, "ఈ రాత్రి రన్‌వే తెరవద్దు" అని చెప్పగలిగే అధికారం కావాలి. రాత్రి పని ముగించి ఆ మాట చెప్పిన ఇంజనీరును పొద్దున పిలిచి మందలించే చోట మరెవరూ ఆ మాట చెప్పరు.

ఆంధ్రప్రదేశ్ కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం, శ్రీకాకుళం వైపు చూస్తోంది. తెలంగాణ నిజాం కాలపు మామునూరును తిరిగి తెరవాలనుకుంటోంది. భోగాపురానికి 2019లో ఒక ముఖ్యమంత్రి, 2023లో మరో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. సముద్రానికి అంత దగ్గరలో ఉప్పుగాలి ఇనుమును ఎంత తింటుందో కొలిచి, ఏటా దానికి ఎంత డబ్బు, ఎంతమంది మనుషులు కావాలో చెప్పే పత్రానికి ఒక్క సభ కూడా జరగలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయం టెర్మినల్ కప్పును చీల్చిన తీరు చూసిన ఉత్తరాంధ్రలో ఆ పత్రాన్ని అడగవలసింది మనమే.

ప్రతి విమానాశ్రయమూ రన్‌వే పీసీఐ మార్కును, తాజా ఘర్షణ కొలతను, దీపాల్లో ఎన్ని శాతం పనిచేస్తున్నాయో, కప్పులను చివరిసారి ఏ తేదీన ఎవరు పరీక్షించారో ఏడాదికోసారి ప్రజల ముందు పెట్టాలి. కొత్త టెర్మినల్‌కు నిధులు అడిగే ముందు పాతదాని లెక్క చూపాలి. ఏరా ఛార్జీలు తేల్చేటప్పుడు, ఆస్తి ఆయుష్షును పెంచినవారికి పెంచినందుకు ప్రతిఫలం ఇవ్వాలి. పార్లమెంటులో మన రెండు రాష్ట్రాల నుంచి నలభై రెండు మంది లోక్‌సభ సభ్యులున్నారు, విమానయాన మంత్రి కూడా మనవారే. మీ నియోజకవర్గ సభ్యుడికి ఉత్తరం రాయండి. మా ఊరికి విమానాశ్రయం ఎప్పుడని ఈసారి అడగకండి. దగ్గర్లో ఉన్న విమానాశ్రయం రన్‌వే పీసీఐ ఎంత, కప్పు తనిఖీ నివేదిక ఎక్కడ అని అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.